ముందువైపు ముడి

2025 ఆగస్టు 17, ఆదివారం, మధ్యాహ్నం 2 గంటల 40 నిమిషాలు. బర్మాలోని రంగూన్ నగరం, సంచౌంగ్ పేటలో ఒక మేడ పైగది. కిటికీలకు దుప్పట్లు కట్టి ఉన్నాయి. కరెంటు లేదు. కింది దుకాణం జనరేటరు మోగుతున్నంతసేపే పైన పాట పెట్టుకోవచ్చు. పద్మిని నడవడానికి లేచి నిలబడింది.

ఈ కూడికను వాళ్లు బాల్ అంటారు. ఇంట్లోంచి గెంటేయబడ్డవారు, బయట ఒక పేరుతోనూ ఇక్కడ మరో పేరుతోనూ బతికేవారు ఒక్కొక్కరే అలంకరించుకుని గది నడుమ నడుస్తారు. గోడవారన కూర్చున్న ముగ్గురు పెద్దలు నచ్చితే పది వేళ్లూ చూపుతారు, నచ్చకపోతే చెయ్యి అడ్డంగా ఊపుతారు. ఇదివరకు రాత్రుళ్లు జరిగేది. రాత్రి ఇళ్లలో తలదాచుకునే పరాయివారి కోసం సైన్యం సోదాలు పెరిగాక పగటికి మారింది.

ఇలా ఒకచోట చేరి కుటుంబమైనవారికి తల్లి చిన్నమ్మి. నలభై ఏడేళ్లు. ఆమె ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి బోటాటౌంగ్ రేవులో మూటలు మోయడానికి వచ్చినవాడు. గుర్తింపు కార్డులో ఆమె పేరు సూర్యప్రకాష్; ఆ పేరుతో పిలిచేవారెవరూ ఇప్పుడు లేరు. పెళ్లికూతుళ్లకు జడలు వేసి బతుకుతుంది. ఆమె కన్న బిడ్డలు లేరు గాని, అమ్మా అని పిలిచే కూతుళ్లు ఉన్నారు.

తనిఖీల దగ్గర సైనికులు ఈ కూతుళ్లను బస్సుల్లోంచి దింపి బట్టలు లాగి నవ్వుతున్నారని, ఆ నెలలో చిన్నమ్మి పోటీకి ఒక కొత్త విభాగం చేర్చింది: మగవాడి నడక. లుంగీ అంచును పక్కకు మడిచి దోపుకోవడం ఆడవారి పద్ధతి. మగవారు ముందువైపు ముడి వేస్తారు. పాఠం ఆ ముడితో మొదలవుతుంది. తరువాత అడుగు, భుజం, చూపు.

“ఏటే ఆ నడుం? పాము పోతన్నట్టుంది,” అని కసిరింది చిన్నమ్మి. “మొగోడు రోడ్డు ఆడి బాబుదే అన్నట్టు నడుత్తాడు.”

“మా బాబు రోడ్డుకి ఓరగానే నడుత్తాడమ్మా,” అంది పద్మిని.

గదంతా నవ్వింది. పద్మిని అసలు పేరు లింగరాజు. బర్మావారు మగవారిని పిలిచే మర్యాదతో ఆ పేరును కలిపి మరో కూతురు రాధ అరిచింది: “కో లింగరాజూ, నన్ను మనువాడతావేటి?”

“ముందు నీ గెడ్డం గీసుకోయే!”

పద్మిని మళ్లీ నడిచింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. పెద్దలు ముగ్గురూ పది వేళ్లూ చూపారు.

పోటీ ముగిశాక ఆమె తన బట్టల సంచీ అందుకుంది. చిన్నమ్మి ఆపింది. “ఒద్దే. బోటాటౌంగ్ దారిలో తనికీ ఉంటాది. ఇలాగే ఎల్లు. ఎవులూ కన్నెత్తి సూడరు.”

“రంగు కూడా తుడిసీమంతావేటి?”

“తుడు.”

పద్మిని గోళ్ల రంగు తుడుచుకుంది. రాధ మాట వినలేదు. పూల లుంగీలోనే బయలుదేరింది. ఇద్దరూ ఒకే బస్సెక్కారు.

చీకటి పడకముందే రాధ ఒంటరిగా తిరిగొచ్చింది. సవరం లేదు. పెదవి చిట్లింది.

“నన్ను దింపి జుత్తు లాగీసినారమ్మా. ‘ఇది దేనికీ పనికిరాదు’ అని తన్ని పొమ్మన్నారు.”

“మరి పద్మిని?”

“దాన్నేటీ అన్లేదు. ‘తమ్ముడూ, దిగు’ అన్నారు. మర్యాదగానే అన్నారు. ట్రక్కెక్కించీసినారు.”

పద్దెనిమిది నుంచి ముప్పై అయిదేళ్ల మగవారిని సైన్యంలోకి పట్టుకుపోతున్నారని చిన్నమ్మికి తెలియక కాదు. ఊరంతా ఆ మాటే. కాని అది మగపిల్లలను కన్నవారి బాధ అనుకుంది. అవమానం నుంచి కాపాడడానికి ఏం చెయ్యాలో ఆలోచించింది. మగవాడిలా కనబడితే కూతురినీ పట్టుకుపోతారని ఒక్కసారైనా తట్టలేదు. పద్మినికి ఇరవై మూడేళ్లు.

మర్నాడు చిన్నమ్మి, పద్మిని కన్నతండ్రి అయిన బుల్లియ్య దగ్గరికి వెళ్లింది. ఆయన తలుపు సగమే తీశాడు.

“సైన్యమోళ్లు కన్నోళ్లడిగితే దాని సంగతి సెప్తారంట. నువ్వొక్క మాటు రా బాబూ,” అని బతిమాలింది.

“నానెందుకు? ఇప్పుడైనా మొగోడవుతాడు.”

తలుపు మూసుకుంది.

గురువారం చిన్నమ్మి జుత్తు కత్తిరించుకుంది. అద్దంలో చూసుకోలేదు. గుర్తింపు కార్డు జేబులో పెట్టుకుని, డబ్బాలో అన్నం, ఎండుచేపల పులుసు కట్టుకుని, ఊరి చివర మింగళాడోన్‌లో సైన్యం పట్టుకొచ్చిన కొత్తవారిని ఉంచిన శిబిరానికి వెళ్లింది. వాన ఆగలేదు. గేటు దగ్గర కాపలా సైనికుడు కార్డు చూసి, ఎవరి కోసమని బర్మీస్‌లో అడిగాడు.

“నా కొడుకు కోసం,” అంది. ఆ మాట ఆమె ఎప్పుడూ వాడినది కాదు. “లింగరాజు.”

అతను లోపలికి వెళ్లి కొంతసేపటికి తిరిగొచ్చాడు. ఆ జట్టును నిన్ననే ఉత్తరానికి పంపేశారు. ఎక్కడికో చెప్పడు. అన్నం డబ్బా తీసుకోడు.

ఆమె కదలలేదు. సైనికుడు చిన్నవాడే; విసుక్కోలేదు కూడా. జేబులోంచి కలం తీశాడు.

“పెద్దాయనా, ఇంట్లో ఇంకా కొడుకులెందరు?”

ఆమె చెప్పింది. అతను కాగితం మీద ఒక్క అంకె రాసుకున్నాడు:

0