కడియం లారీలో గేముల పెట్టె

పిఠాపురంలో గాజుసామాన్ల జగన్నాథరావు అంటే తెలియనివాళ్ళు తక్కువ. ఆయన కొట్లో గ్లాసు కొనాలంటే కొనేవాళ్ళకి ఓపిక ఉండాలి. ముందు ఆయన దాన్ని గోటితో టంగుమనిపించి, చెవి దగ్గర పెట్టుకుని విని, తృప్తిపడ్డాకే చేతికిస్తాడు. వెంట్రుకంత పగులున్న గ్లాసు కూడా ఆయన చెయ్యి దాటి బయటికి పోయిన పాపాన పోలేదు. అలాంటి మనిషికి, సొంత తమ్ముడు నిరంజన్ పోయినప్పుడు మాత్రం లోపల ఏ చప్పుడూ వినపడలేదు.

పచ్చకామెర్లు ముదిరి కాకినాడ ఆసుపత్రిలో ప్రాణం పోయింది. జగన్నాథరావు అంబులెన్సు మాట్లాడాడు, వెదుళ్ళు తెప్పించాడు, పురోహితుడికి కబురుపెట్టాడు, పరామర్శకి వచ్చినవాళ్ళకి కాఫీలు అందాయో లేదో చూసుకున్నాడు. కంట మాత్రం తడి రాలేదు. ఎంత గుండె దిటవో అన్నారు కొందరు. మనిషేనా అన్నారు ఇంకొందరు, ఆయన పోయించిన కాఫీ తాగుతూనే. లోకం నోటికి మూతెక్కడ పెడతాం.

చివరికి భార్య శ్యామలాంబ ఉండబట్టలేక అడిగేసింది.

"ఒక్కసారి ఏడవండి. అలా లోపల దాచుకుంటే మీకే మంచిది కాదు."

"దాచుకోడానికి ఏమైనా ఉంటేగా. రావట్లేదే, ఏం చెయ్యను" అన్నాడు.

అబద్ధమేమీ కాదు. పళ్ళ డాక్టరు సూది వేశాక పెదవి మొద్దుబారుతుందే, ఆయనకి మనిషంతా అలా ఉంది. అన్నం తింటున్నాడు, కొట్టు తీస్తున్నాడు, పడుకుంటున్నాడు. ఏదీ తగలడం లేదు.

పోనీ అన్నదమ్ములకి పడదా అంటే, పడకపోవడానికైనా కాస్త దగ్గరగా మసలాలి కదా. నిరంజన్‌కి గాజు కొట్టు పట్టలేదు. పెళ్ళైన ఏడాదే కడియం వెళ్ళి, నర్సరీల మధ్య వీడియో గేముల కొట్టు పెట్టాడు. మొక్కల లోడు ఎక్కేదాకా లారీలవాళ్ళకి పనుండదు, వాళ్ళు వచ్చి ఆడతారని అతని ఆలోచన. ఆలోచన మంచిదే, కొట్టూ బాగానే నడిచింది. కానీ షావుకార్ల ఇంట్లో పుట్టి, పెట్టెలో బొమ్మల చేత తన్నులాటలు ఆడించి బతకడమేంటని జగన్నాథరావుకి నామోషీ. ప్రారంభానికి తమ్ముడు బట్టలు పెట్టి మరీ పిలిస్తే వెళ్ళలేదు. తరవాతా వెళ్ళలేదు. సరుకు కోసం రాజమండ్రి పోయేటప్పుడు బస్సు ఆ కొట్టు ముందు నుంచే పోయేది. ఈయనగారు అవతలి వైపు సీటు వెతుక్కుని కూర్చునేవాడు. అంత పట్టుదల దేనికో అడిగితే ఆయనే చెప్పలేడు.

కర్మకాండ అయ్యాక, భర్త పోయాక కడియం నుంచి వచ్చి బావగారి ఇంట్లోనే ఉంటున్న నిరంజన్ భార్య ఇంద్రజ, హాల్లో గుమ్మం పక్కన నిలబడి ఒక మాట అడిగింది. రెండువేల ఒకటో సంవత్సరం, కార్తీకం ముగిసిన రోజులు.

"కొట్టు ఖాళీ చెయ్యాలంట కదా బావగారూ. మిగతావి ఎవరికిచ్చినా సరేనండి. వాకిలి పక్కనున్న పెద్ద పెట్టె ఒక్కటీ ఇంటికి తెప్పించండి."

"పనిచేస్తోందా అమ్మా అది?"

"చెయ్యకపోయినా పర్లేదండి. మొన్న దసరా పూజకి దాని నొసట ఆయన బొట్టు పెట్టారు. అందులో ఆయన వేలి గీతలు కూడా కనపడతాయి. అది చెరక్కుండా వస్తే చాలు."

ఆ అమ్మాయి నుదుటి బొట్టు తీయించిన చోట చర్మం ఇంకా తెల్లగా ఉంది. జగన్నాథరావు ఆ తెలుపు చూసి తల తిప్పుకున్నాడు. "అలాగేనమ్మా. నేనే దగ్గరుండి తెస్తాను" అన్నాడు.

ఆ మాట ఆయన ఊరికే అనలేదు. గాజు సామాను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చడమంటే ఆయన తరవాతే ఎవరైనా. కొట్లోంచి గోనెసంచులు, వరిగడ్డి, కొబ్బరితాడు, పాత బొంత మోయించుకుని కడియం చేరాడు. తమ్ముడి కొట్లో అడుగుపెట్టడం అదే మొదలు. బీరువా అంత ఎత్తు చెక్కపెట్టె అది. కడుపులో బరువైన టీవీ గాజు, ముందు అరిగిపోయిన హ్యాండిళ్ళు, బటన్లు, పైన గేము పేరున్న అద్దం. ఆ అద్దం మధ్యలో పసుపు, పసుపు మీద కుంకుమ. జగన్నాథరావు దాన్ని చూశాడు. చూశాడంటే, కళ్ళు అటు వెళ్ళి వచ్చేశాయి, అంతే. ఎంత వెడల్పుంది, ఎలా దిద్దాడు అని నిలబడి చూడలేదు. పని తొందర అనుకున్నాడు.

కప్పుల అట్టపెట్టె మూత ఒకటి బొట్టు మీద బోర్లించి, దాని అంచులకి టేపు వేశాడు. గోనె రాసుకున్నా లోపలి బొట్టుకి తగలదు. ప్లాస్టిక్ కాగితం చుట్టమని పక్క కొట్టాయన సలహా ఇచ్చాడు.

"ఎండకి లోపల చెమరుస్తుందండి. బొట్టు కరుగుతుంది" అని జగన్నాథరావు వద్దన్నాడు. మూలలకి గడ్డి కుక్కాడు, బొంత కప్పాడు, పైన గోనెలు చుట్టి తాడుతో బిగించి, గోటితో ఒకసారి తట్టి విన్నాడు.

లారీ ఏసురాజుది. నిరంజన్ కొట్లో రోజూ ఆడి రోజూ ఓడినవాడు. ఒరిస్సాకి మొక్కల లోడు తీసుకెళ్తూ, పిఠాపురం మీదుగానే కదా అని తనే ముందుకొచ్చాడు.

"పడుకోబెట్టేద్దామాండి?" అని అడిగాడు.

"గాజుని పడుకోబెట్టకూడదయ్యా. నిలబెట్టే తీసుకెళ్ళాలి."

నలుగురు కలిసి పట్టి పెట్టెని లారీలో ముందు మూల, క్యాబిన్‌కి ఆనించి నిలబెట్టి కట్టారు. ఆ తరవాత లారీ నర్సరీకి వెళ్ళింది. అక్కడ కూలీలు దాని చుట్టూ పోక మొక్కలు, కొబ్బరి మొక్కలు, ఏపుగా పెరిగిన అశోకాలు నింపారు. దారిలో మొక్కల్ని చూసుకోడానికి గంగయ్య అనే నర్సరీ మనిషి వెనక ఎక్కాడు. జగన్నాథరావు అప్పటికే క్యాబిన్‌లో కూర్చుని ఎదురుగా చూస్తున్నాడు. వెనక ఎవరెక్కారో తిరిగి చూడలేదు, ఎక్కినాయనకి పెట్టె సంగతి చెప్పాలని తట్టనూ లేదు.

దారి పొడుగునా ఏసురాజు నిరంజన్ గురించే చెప్పాడు. ఎలా నవ్వేవాడు, ఓడినవాణ్ణి ఎలా ఏడిపించేవాడు, ఆకలిగా ఉన్న క్లీనర్లకి ఇంటి నుంచి ఎలా అన్నం తెప్పించేవాడు. జగన్నాథరావు తలూపుతూ విన్నాడు. ఎవరో తెలియని మనిషి గురించి వింటున్నట్టుంది. ద్వారపూడి దాటింది, అనపర్తి దాటింది. గోతి వచ్చినప్పుడల్లా మాత్రం "మెల్లిగా" అనేవాడు.

సామర్లకోట దాటాక కాలవ పక్కన టీ కొట్టు దగ్గర లారీ ఆపారు. బెంచీ మీద కూర్చుని, టీ గ్లాసు చేత్తో పట్టుకుని, జగన్నాథరావు లారీ వైపు చూస్తున్నాడు. గంగయ్య లోడు మీద నిలబడి, కాలవలోంచి క్లీనరు తెచ్చిచ్చే బకెట్లు అందుకుని మొక్కల మీద కుమ్మరిస్తున్నాడు. ఆ చివరి నుంచి ఈ చివరిదాకా వచ్చాడు. లారీ పక్కచెక్కల సందుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. జగన్నాథరావు అదంతా చూశాడు. టీలో పంచదార ఎక్కువైందనుకున్నాడు.

గంగయ్య దిగివచ్చి, కండువాతో చేతులు తుడుచుకుంటూ టీ అందుకున్నాడు.

"ముందు మూలనున్న పెద్ద మొక్కకి ఇంకో బకెట్టు ఎక్కువే పోసేనండి. గోనె మరీ ఎండిపోయి ఉంది పాపం."

"ఏ మొక్క?" అన్నాడు జగన్నాథరావు.

"అదేనండి, క్యాబిన్‌కి ఆనించి కట్టింది. గడ్డి పెట్టి, గోనె చుట్టి, తాడేసేరు. ఎవరు కట్టేరోగానీ మావాళ్ళకంటే బాగా కట్టేరండి."

జగన్నాథరావు గ్లాసు బెంచీ మీద పెట్టి లేచాడు. లారీ ఎక్కి, మొక్కల మధ్య దూరి, తడి తాడు ముడులు విప్పాడు. బొంత బరువెక్కి జారింది. అట్టమూత మెత్తగా వేళ్ళకి ఊడివచ్చింది. దాని కింద అద్దం మీద ఏమీ లేదు. పసుపూ ఎరుపూ కలిసిన నీళ్ళు చారగా కిందికి దిగి, టీవీ గాజు మీదుగా హ్యాండిళ్ళ దాకా వచ్చి ఆగాయి.

గంగయ్య వెనకే ఎక్కి చూసి, అది చెట్టు కాదని తెలిసి బిక్కచచ్చిపోయాడు. "ఎవరూ చెప్పలేదండి బాబుగారూ. ఎండిపోతోందని పోసేను" అన్నాడు.

"నీ తప్పేం లేదయ్యా" అన్నాడు జగన్నాథరావు. నిజంగానే కోపం రాలేదు. ఏడుపూ రాలేదు. ఇంద్రజ అడిగింది ఒక్కటే, అది పోయింది. ఆ సంగతి ఆయనకి తెలుస్తోంది, తగలడం మాత్రం లేదు.

పిఠాపురం పొలిమేరలో లారీ ఆపించాడు. పసుపు, కుంకుమ పొట్లాలు తెమ్మని ఏసురాజుని పంపాడు. క్యాబిన్ అద్దం దగ్గర సిలువ వేలాడే లారీ దిగి, ఏసురాజు మారుమాట్లాడకుండా గుడి వీధి దాకా వెళ్ళి తెచ్చాడు. జగన్నాథరావు తన కండువాతో చారలు తుడిచాడు. బకెట్లో మిగిలిన నీళ్ళతో తనే పసుపు తడిపి, ఉంగరం వేలితో గుండ్రంగా అద్ది, మీద కుంకుమ దిద్దాడు. దూరం జరిగి చూశాడు. ఇలాగే ఉండిందా? గుర్తు తెచ్చుకోబోతే గేము పేరు గుర్తొస్తోంది, అద్దం అంచు గుర్తొస్తోంది, బొట్టు మాత్రం రావడం లేదు.

ఇంటి దగ్గర పెట్టె దించి, కాస్త వాలుగా గుమ్మం దాటించి, హాల్లో గోడకి నిలబెట్టి, మూలలకి మిగిలిన తడిగడ్డి విప్పి పడేశారు. ప్లగ్గు ఎవరూ పెట్టకండి, లోపల తడి ఆరాలి అని జగన్నాథరావు గట్టిగా చెప్పాడు. లారీ వెళ్ళిపోయింది. ఇంద్రజ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, పెట్టె ముందు నిలబడింది. చాలాసేపు చూసింది.

"దారిలో తడిసిందాండి?"

"తడిసిందమ్మా. మొక్కనుకుని నీళ్ళు పోశారు. నా కళ్ళెదురుగానే పోశారు. చూస్తూ కూర్చున్నాను." బొట్టు వైపు వేలు చూపించాడు. "ఇది నేను పెట్టింది."

"తెలిసిందండి. ఆయన బొటనవేలితో పెట్టేవారు. కింద నుంచి పైకి లాగేవారు."

"నాకు తెలీదమ్మా" అన్నాడు జగన్నాథరావు.

"మీరెప్పుడూ రాలేదు కదండి" అంది ఇంద్రజ. నిష్ఠూరంగా అనలేదు, ఉన్న మాటే అంది. పమిట చెంగుతో ఆ గుండ్రటి బొట్టు మెల్లిగా తుడిచేసింది. హ్యాండిళ్ళ పక్కన పెట్టి ఉన్న పసుపు పొట్లం విప్పి, చెంబులో నీళ్ళు తెచ్చి ఆయన పక్కన పెట్టింది.

"మీ చేతులూ ఆయన చేతులూ ఒక్కలాగే ఉంటాయి బావగారూ. భోజనాల దగ్గర చూశాను. బొటనవేలితో పెట్టండి."

జగన్నాథరావు వేలు తడిపి, పసుపులో అద్ది, అద్దం మీద ఆనించి కింద నుంచి పైకి లాగాడు. వేలు తీశాక చూస్తే, పసుపులో సన్నటి గీతలు ఒకదాని పక్కన ఒకటి తేలి ఉన్నాయి.

"ఇలాగే ఉండేదండి" అంది ఇంద్రజ.

ఆయన ఆ గీతల్ని చూశాడు. చూస్తూ చూస్తూ ఉండగా గొంతులోంచి ఏదో చప్పుడు వచ్చింది, అది తనదేనని ఆయనకి వెంటనే తెలియలేదు. విప్పిపడేసిన తడిగడ్డి మీద అలాగే కూలబడి, పసుపు చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని బావురుమన్నాడు.

పెరట్లో ఉన్న శ్యామలాంబ ఆ ఏడుపు విని, ఇంట్లో ఏం ముంచుకొచ్చిందోనని పరిగెత్తుకొచ్చింది.

"ఏమైంది? ఏమైందే ఇంద్రజా ఈయనకి?"

ఇంద్రజ చెంబు తీసి పక్కన పెట్టింది.

"తమ్ముడు పోయాడు కదక్కా" అంది.