గొంగడి ధర

దుబాయ్ నుంచి ఫుజైరా వెళ్ళే బస్సులో ఏసీ ఎముకలు కొరికేస్తుంది. ఆ జనవరి ఉదయం నేను ఒట్టి చొక్కాతో వణుకుతుంటే, పక్క సీటాయన నల్ల గొంగడి కప్పుకొని దర్జాగా కూర్చున్నాడు. జగిత్యాల వైపు మనిషట.

ముందు సీట్లోని ఐర్లాండ్ ఆవిడ వెనక్కి తిరిగి గొంగడి అంచు తడిమి చూసింది. చేత్తో నేసిందేనా, ఎంతకిస్తారు అని ఇంగ్లీషులో అడిగింది. నేను ఆయనకు తెలుగులో చెప్పాను.

"మా నాయిన నేసిండు. దీనిమీద కూసునే నా పెండ్లయింది," అంటూ ఆయన ఆవిడ తెల్లటి స్వెటర్ వైపు చూశాడు. "గది ఎంతనో అడుగు తమ్మీ."

అడిగాను. అది ఆవిడ వాళ్ళ ఊళ్ళో చేత్తో అల్లిన ఉన్ని స్వెటరట. వెయ్యి దిర్హాములట.

"అయితే నాదీ వెయ్యే."

"అన్నా, ఊళ్ళో కొత్తదే అంత ఉండదు గదా. కాస్త తగ్గించి చెప్పనా?" అని నసిగాను.

"ఎందుకు? ఆమెది గొర్రె బొచ్చే, నాదీ గొర్రె బొచ్చే. రెండూ చేతుల పనే. వెయ్యని చెప్పు, ఖలాస్."

చెప్పాను. ఆవిడ బేరమాడలేదు, పర్సు తీసింది.

ఆయన నవ్వుతూ తల అడ్డంగా ఊపాడు. "నేను అమ్మనని చెప్పు. ధర అడిగింది, చెప్పిన." తర్వాత గొంగడి సగం విప్పి నా భుజాల మీద వేశాడు. "వణుకుతున్నవ్, ఇట్ల జరుగు."

ఫుజైరా దాకా అది నా మెడకు గుచ్చుకుంటూనే ఉంది. నేను తీయలేదు.

బర్ దుబాయ్‌లో నాది టైలరు పని. కుట్టుకూలి ఎంతని అడిగితే అంతకుముందు మిషను వైపు చూస్తూ చెప్పేవాణ్ణి. ఇప్పుడు మనిషి మొహంలోకి చూసి చెబుతున్నాను.