పలకని రాయి

ఇరవై ఎనిమిదేళ్లుగా ఇంటర్ పిల్లలకు తరంగాల పాఠం చెబుతున్నాను. నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. ఇంతవరకూ ఎవరూ లేపి అడగలేదనుకోండి. ఆ ఏడాది పిల్లలైతే కిక్కురుమనకుండా వింటున్నారని స్టాఫ్ రూములో గొప్పలు కూడా పోయాను.

మా ఆవిడ ఎన్నాళ్లుగానో అడుగుతున్న నల్లరాయి వంటగట్టు కోసం ఇద్దరం మార్టూరు వెళ్లాం. రాళ్లు పాలిష్ పట్టే షెడ్డులో ముసలి మేస్త్రి రెండు పలకలు చూపించి, చిన్న సుత్తితో తట్టాడు. నాకు నచ్చిన పలక దగ్గర పెదవి విరిచాడు.

"ఇది పలకట్లేదు మాస్టారూ. లోపలెక్కడో పగులుంది. రెండోది తీసుకోండి."

నాకు రెండూ ఒకేలా టక్కుమన్నాయి. ఆ ముక్క చెప్పి ఊరుకుంటే నేను మాస్టార్నెందుకవుతాను? తట్టిన చోట పుట్టిన తరంగం రాయంతా పాకి, అంచులకు తగిలి వెనక్కొస్తుందని, అందుకే రాయి మోగుతుందని, పగులుంటే దారి తెగి మోత చచ్చిపోతుందని పాఠం చెప్పాను. రెండు మోతలకూ తేడా లేదు గనక రెండూ మంచివేనని తేల్చాను. మేస్త్రి సుత్తి చేత్తో పట్టుకుని మర్యాదగా విన్నాడు. కుండైనా పుచ్చకాయైనా తట్టిచూడందే కొనని మా ఆవిడ, రెండోదే ఖంగుమందని మెల్లగా అంది. ఫిజిక్స్ చదివిందెవరని అడిగాను.

గట్టు మీద పరిచిన పదో రోజున, ఆవిడ కుక్కర్ దించగానే నేను పట్టుబట్టి కొన్న ఆ పలక అడ్డంగా పగిలింది. మేస్త్రిని నాలుగు దులిపేద్దామని ఫోను తీశాను. ఆవిడ నా చేతిలోంచి ఫోను లాక్కుంది.

"రాయి సంగతి తర్వాతండీ. ముందు మీ చెవులు చూపించుకుందాం. కుక్కర్ కూతేసినా మీరు తలెత్తి ఏడాదయింది."

కోపం వచ్చింది. ఆ వెనకే భయం వేసింది. చెవులు పోతే పాఠం చెప్పి బతికేవాడి గతేమిటి?

వయసుతో పాటు సన్నటి శబ్దాలు ముందు పోతాయని డాక్టరమ్మ చెప్పింది. పౌనఃపున్యం ఎక్కువున్నవన్న మాట. ఆ పదం బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కే లేదు. రాతిలో ఖంగు ఎగిరిపోయి నాకు టక్కు మిగిలింది.

చెవికి మిషన్ పెట్టుకుని క్లాసుకెళ్లాను. బోర్డు వైపు తిరిగి 'తరంగాలు' అని రాశానో లేదో, వెనక బెంచీలన్నీ ఈలలతో ఖంగుమన్నాయి. ఏడాదిగా అలాగే పలుకుతున్నాయట.