‘అమ్మ ఏం చేస్తుంది?’ అనే ప్రశ్న

2023లో వానలు మొదలైన రోజులు. కె.ఆర్.పురం స్టేషన్‌కు కొంచెం ఇవతల ఒక తెలుగు చర్చి ఉంది. ఆదివారం ఆరాధన అయిపోయాక దాని కింది హాల్లో కుర్చీలు వెనక్కి జరిపి యువజన కేంద్రం నడుపుతారు. పని వెతుక్కుంటూ బెంగళూరు వచ్చిన కుటుంబాల్లో కాలేజీ వయసు పిల్లలు అక్కడికి వస్తారు. మతంతో పనిలేదు. బొట్టు పెట్టుకున్నవాళ్ళూ టోపీ పెట్టుకున్నవాళ్ళూ ఒకే బల్ల మీద కూచుంటారు. దాన్ని నడిపేది సువార్త గారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి ఆసుపత్రిలో చాలా ఏళ్ళుగా నర్సుగా పనిచేస్తున్న మనిషి.

నేను ముప్పై ఏళ్ళకు పైగా తెలుగు దినపత్రికల్లో పనిచేశాను, ఎక్కువ కాలం విలేకరిగా. చివరి ఏళ్ళు బెంగళూరు ఎడిషన్ డెస్కులో గడిచాయి. మానేసిన కొత్తలో సువార్త గారు పిలిచి, “జీవితమంతా జనాన్ని ప్రశ్నలడిగి బతికారు కదండీ, వచ్చి మా పిల్లల్ని కూడా నాలుగు అడగండి” అన్నారు. అట్లా మాక్ ఇంటర్వ్యూలు నా పనయ్యాయి. మాక్ ఇంటర్వ్యూ అంటే అసలు ఇంటర్వ్యూకు ముందు చేసే రిహార్సల్. నేను కంపెనీవాణ్ణి, ఎదురుగా కూచున్న పిల్ల అభ్యర్థి.

ఈ పిల్లల ఇబ్బందులు పైకి కనపడేవి కావు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బళ్ళో రాసింది కన్నడం, ఉద్యోగం అడిగేది ఇంగ్లీషు. రేషన్ కార్డు కర్నూలు జిల్లాలో ఉంటే స్కూలు టీసీ కె.ఆర్.పురంలో ఉంటుంది. ఇన్‌కం సర్టిఫికెట్ కావాలంటే ఏ ఊరి ఆఫీసుకు పోవాలో ఎవరూ సరిగ్గా చెప్పరు. ఆ తిరుగుళ్ళన్నీ సువార్త గారివి. నావి మాటలు. కుర్చీలో ఎట్లా కూచోవాలి, తెలియని ప్రశ్నకు తెలియదని ఎట్లా చెప్పాలి, సెల్ఫ్ ఇంట్రడక్షన్, అంటే తనను తాను పరిచయం చేసుకోవడం, ఎట్లా మొదలుపెట్టాలి. వీటితో కొంతమందికి నిజంగానే దారి దొరికింది. ఆ మాట ముందే చెప్పాలి. తర్వాత చెప్పబోయేది చదివి ఆ హాల్లో జరిగేదంతా వృథా అని ఎవరూ అనుకోకూడదు.

నాగవేణి ఆ వానల్లోనే చేరింది. కోసిగి దగ్గరి పల్లె వాళ్ళది. చిన్నప్పుడే అమ్మానాన్నలతో వచ్చేసింది. కట్టే బిల్డింగు ఎక్కడుంటే అక్కడి రేకుల షెడ్డే ఇల్లు. బిల్డింగు అయిపోగానే షెడ్డు ఇంకోచోటికి. అట్లా బడులు మారుతూనే బీకాం దాకా వచ్చింది. చేర్పించడానికి వాళ్ళమ్మ ఈరమ్మ కూడా వచ్చింది. చెప్పులు హాలు బయటే విడిచి, కూచోమన్నా కూచోకుండా గోడకు ఆనుకుని నిలబడింది.

“ఈ పాప నోరు మంచిది సారూ. దుడుకు మాత్రం జాస్తి. రోంత చూసుకో” అంది నాతో.

మొదటి మాక్ ఇంటర్వ్యూలో నేను మామూలుగా అడిగే ప్రశ్నే అడిగాను. అమ్మానాన్నలు ఏం చేస్తారు?

నాగవేణి తడుముకోలేదు. “నాన్న సెంట్రింగ్ పని సార్. ఇప్పుడు అత్తిబెలె సైట్లో ఉండాడు, వారానికొకసారి వస్తాడు. అమ్మ ఇసుక జల్లిస్తాది, ఇటుకలు మోస్తాది. మేస్త్రీ రాకపోతే గోడ కూడా కట్టేస్తాది. తెలీకుండా కట్టేస్తాది, ఇంజనీరు తిడతాడని.”

వెనక బల్లల్లో నవ్వారు. తనూ నవ్వింది. ఆ నవ్వులో సిగ్గేమీ లేదు. ఇది నేను తర్వాత తీరిగ్గా గుర్తు చేసుకున్న సంగతి. ఆ రోజు నేను గమనించింది, జవాబు పొడుగైపోయిందని.

డెస్కులో నా పని సబ్ ఎడిటింగ్. ఎవరో రాసి పంపిన వార్తను కత్తిరించి, సాపు చేసి, పేజీలో పట్టేట్టు చేయడం. ఆ చెయ్యి ఊరుకోదు. “ఇంత వద్దమ్మా. ‘నాన్న కన్‌స్ట్రక్షన్ ఫీల్డ్‌లో ఉన్నారు, అమ్మ హోమ్‌మేకర్’ అను. రెండు ముక్కల్లో అయిపోతుంది. నీ చదువు గురించి చెప్పుకోడానికి టైము మిగులుతుంది” అన్నాను.

“హోమ్‌మేకర్ అంటే ఇంట్లో ఉండేవాళ్ళు కదా సార్?”

“ఇంటి పని కూడా చేస్తుంది కదా మీ అమ్మ?”

“చేస్తాది.”

“ఇంకేం మరి.”

పక్కనే కాగితాలు సర్దుతున్న సువార్త గారు తలెత్తకుండానే, “మీరు మనుషుల్ని కూడా ఎడిట్ చేసేస్తారండీ” అన్నారు. పొగడ్త అనుకున్నాను. ఆ వాక్యం ఆ పిల్ల చేత పలుమార్లు చెప్పించాను. నిజం చెప్పాలంటే అప్పటికి చాలామంది చేత అట్లాంటివే చెప్పించి ఉన్నాను. ఆటో తోలే నాన్నలు ట్రాన్స్‌పోర్ట్‌లోకి వెళ్ళారు. అపార్ట్‌మెంట్లలో గిన్నెలు తోమే అమ్మలందరూ హోమ్‌మేకర్లయ్యారు.

నాగవేణికి వైట్‌ఫీల్డ్ వైపు ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో ఫ్రంట్ ఆఫీసు ట్రైనీగా ఉద్యోగం వచ్చింది. ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న అడిగారట, ఈ జవాబు చెప్పిందట. వెంటనే ట్రైనింగ్‌లో పెట్టారు. కానీ ఉద్యోగం ఖాయం కావాలంటే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ కావాలి. అంటే మనం చెప్పిన అడ్రసులో మనం నిజంగా ఉంటున్నామా లేదా అని కంపెనీ తరఫున ఒక మనిషి వచ్చి చూసిపోవడం. అది తేలకపోతే ట్రైనింగ్‌తోనే పంపించేస్తారు. సైటు షెడ్డుకు డోర్ నంబరు ఉండదు కదా. వచ్చినతను తిరిగి తిరిగి, చివరికి రెఫరెన్సుగా ఇచ్చిన మా కేంద్రం నంబరుకు ఫోన్ చేశాడు. దారి చూపించడానికి నేను వెళ్ళాను.

అతని పేరు కిరణ్. తాతల నాటి నుంచి బెంగళూరులో స్థిరపడ్డ తెలుగువాళ్ళు. హెల్మెట్ తీయకుండానే, “ఈ షెడ్ల అడ్రసంటే మాకు సాకైపోతుంది సార్, ఇంక చాలనిపిస్తుంది. మొన్న పీణ్యలో ఒకడి ఇల్లు వెతికేకి మధ్యాహ్నం దాకా పట్టె. తీరా చూస్తే షెడ్డే లేదు, ఖాళీ చేసి పోయుండారు” అన్నాడు.

ఓల్డ్ మద్రాస్ రోడ్డు దిగి బురదలో బండి నడిపించుకుంటూ సైటులోకి వెళ్ళాం. లేస్తున్న అపార్ట్‌మెంటు వెనక వరసగా షెడ్లు. వాటి ముందు ఇసుక కుప్ప దగ్గర ఈరమ్మ జల్లెడ పట్టుకుని ఉంది. తలకు టవలు, మోచేతుల దాకా సిమెంటు. నన్ను చూసి గుర్తుపట్టి నవ్వబోయింది. నా పక్కన ట్యాగ్ వేసుకున్న మనిషిని చూసి ఆ నవ్వు ఆపేసింది.

“నాగవేణి అనే పాప ఇక్కడేనా ఉండేది?” అన్నాడు కిరణ్.

“ఇక్కడే. ఆ మూలది వాళ్ళ షెడ్డు.”

“ఇంట్లో ఎవురుండారు? వాళ్ళమ్మ?”

“వాళ్ళమ్మ ఊరికి పోయిందప్పా.”

“మీరేమవుతారు ఆ పాపకి?”

ఈరమ్మ చేతిలో జల్లెడ కింద పెట్టలేదు. అతని ముఖంలోకి చూసే చెప్పింది. “నేనేం కాను. ఇక్కడ కూలిదాన్ని.”

నేను నోరు తెరవలేదు. కొంత ఆశ్చర్యం. కొంత పాత అలవాటు. ఎదుటి మనిషి మాట్లాడేటప్పుడు విలేకరి అడ్డం రాకూడదని కుర్రవాళ్ళకు చెబుతూ వచ్చినవాణ్ణి. కిరణ్ ఫోనులో ఏదో నొక్కి, “ఇంటి మనిషి ఒకరు అవునని చెప్పాల సార్. లేకుంటే ‘అన్ఏబుల్ టు వెరిఫై’, అంటే తేలలేదు అని పెట్టేస్తా. మళ్ళీ పంపిస్తారో లేదో వాళ్ళిష్టం” అని బండి వెనక్కి తిప్పాడు. అది తిరిగిందాకా నేను నిలబడే ఉన్నాను. ఆ కాసేపట్లో నాకు తట్టింది ఆ పిల్ల ఉద్యోగం కాదు. ఈమెతో ఈ మాట చెప్పించింది ఎవరో కిరణ్‌కు తెలిసిపోతుందేమో అని.

చివరికి అన్నాను. “ఆగండి కిరణ్. ఈమే తల్లి.”

ఈరమ్మ జల్లెడ విసిరికొట్టింది. “ఏం సారూ, నువ్వే ఇట్ల చేస్తివి! పాప బతుకు నిలబడేటప్పుడు నోట్లో మన్ను కొడితివి కదా!”

“అట్లా కాదు ఈరమ్మా...”

“ఎట్ల మరి? అన్నం తింటా కూడా అదే పాఠం ఆ పాపది. అమ్మా, ఎవరన్నా వచ్చి అడిగితే ఇంట్లోనే ఉంటానని చెప్పు, పనికి పోతానని చెప్పొద్దు, సార్ నేర్పించినాడు అని. ఈ చేతులు చూసి ఇంట్లో ఉండే మనిషి అంటాడా ఎవడన్నా? నేను అమ్మనంటే అది అబద్ధం చెప్పిన పిల్ల అయితాది. అమ్మను కాదంటే నిలబడతాది. అందుకే కాదంటి.”

కిరణే హెల్మెట్ తీసి బండి స్టాండు వేశాడు. “అమ్మా, మీరు ఇసుక జల్లిస్తే నాకేం, ఏరోప్లేను తోలితే నాకేం? మీరేం పని చేస్తారని అడిగే ప్రశ్నే లేదు నాకు. ఇల్లు ఇదేనా, ఇంట్లోవాళ్ళు అవునన్నారా, ఒక ఫోటో. అంతే.”

ఆమె అతని మాట నమ్మలేదు. నా వైపు తిరిగింది. “నిజమా సారూ?”

“నిజమే.”

“మరి ఎవురికోసం చెప్పించినావు?”

అది దెప్పిపొడుపు కాదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. అందుకే అంత కష్టమైంది. జీవితంలో మంత్రుల్నీ ఆఫీసర్లనీ ఇరుకున పెట్టే ప్రశ్నలు అడిగాననుకునేవాణ్ణి.

ఫోటోకు ముందు ముఖం కడుక్కుని చీర మార్చుకొస్తానంది. కిరణ్ విసుక్కోకుండా ఆగాడు. ఈరమ్మ షెడ్డులోంచి ఉతికిన చీర కట్టుకుని వచ్చి, రేకు తలుపు పక్కన నిలబడి, చేతులు కొంగు కింద దాచుకుంది. చేతులు బయటపెట్టమ్మా అని ఎవరం అనలేదు. అనే ముఖం నాకు లేదు.

“ఈ సంగతి పాపకు చెప్పొద్దు సారూ. బాధపడతాది” అంది నేను వచ్చేస్తుంటే.

సాయంత్రం నాగవేణే ఫోన్ చేసింది. వెరిఫికేషన్ అయిందని మెసేజ్ వచ్చిందట. “అమ్మ ఏం చెప్పింది సార్?”

“నిజమే చెప్పిందమ్మా.”

చిన్న గొంతుతో, “అయ్యో... పని చేస్తాదని తెలిసిపోయిందా సార్ వాళ్ళకి?” అంది.

ఈ గొంతు నాకు కొత్త. అమ్మ దొంగతనంగా గోడ కడుతుందని గర్వంగా చెప్పిన పిల్ల గొంతు కాదు ఇది. ఆమెకు సిగ్గు నేర్పింది ఊరు కాదు, బెంగళూరు కాదు, ఆ డయాగ్నొస్టిక్ సెంటరు కూడా కాదు. ఆదివారం మధ్యాహ్నాలు మేలు చేస్తున్నాననుకుంటూ నేర్పినవాణ్ణి నేను.

సువార్త గారికి అంతా చెప్పాను. ఆమె నన్ను ఓదార్చలేదు. “నేనూ విన్నానుగా అండీ, ఆపలేదుగా. నర్సుగా చేరిన కొత్తలో మా నాన్న చర్మాల పని చేసేవాడని నేనూ ఎవరికీ చెప్పలేదు. అది నా పొట్టకూటి కోసం అనుకున్నాను. ఈ పిల్లల దగ్గర మాత్రం మీకూ నాకూ ఏం పుట్టింది?” అన్నారు.

తర్వాత ఒక ఆదివారం నాగవేణి వచ్చింది. సైటులో జరిగింది ఈరమ్మే చెప్పేసిందట, నవ్వుకుంటూ, ఏదో గొప్ప ఎత్తు వేసినట్టు. “నాకు నవ్వు రాలేదు సార్” అంది నాగవేణి. “ఆఫీసులో అందరికీ అదే చెప్పుండా. అమ్మ చేసే ఒబ్బట్లు తినేకి ఇంటికి వస్తామంటాండారు. ఇప్పుడెట్ల సార్ మార్చేది?” అని అడిగింది.

పత్రికలో తప్పు పడితే మర్నాడు లోపలి పేజీలో చిన్న సవరణ వేస్తాం. తప్పు రాసినవాళ్ళే దిద్దుకోవాలి, అది రివాజు. ఇక్కడ తప్పు నాది. దిద్దుకోవాల్సింది మాత్రం ఆ పిల్ల, తన వయసు వాళ్ళ ముందు, ఒక్కతే. నేనొచ్చి మీ ఆఫీసులో చెబుతానన్నాను. “వద్దు సార్, ఇంకా అసహ్యంగా ఉంటాది” అంది. నిజమే.

ఇప్పటికీ ఆ హాలుకు వెళుతున్నాను. అమ్మానాన్నల పని గురించి పిల్లలు ఏం చెబితే దాన్ని ముట్టుకోను. చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పనవసరం లేదని, అడిగే హక్కు అన్ని కంపెనీలకూ లేదని చెబుతాను. మంచి జవాబు అంటే వినేవాడి చెవికి ఇంపైనదని ఇన్నేళ్ళూ నమ్మాను. ఆ జవాబు వల్ల ఇంట్లో ఎవరు లేకుండా పోతారో కూడా చూసుకోవాలని ఈరమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఆలస్యంగా నేర్చుకున్నాను, ఇంకొకరి ఖర్చుతో.

అయినా ఈ పాఠం పిల్లలకు నచ్చదు. ఈ మధ్య ఒకతను, వాళ్ళ నాన్న మ్యాన్‌హోళ్ళు శుభ్రం చేస్తాడు, సూటిగా అడిగాడు. “ఉన్నదున్నట్టు చెప్తా సార్. చెప్తే ఉద్యోగం ఇస్తారని మీరు గ్యారంటీ ఇస్తారా?”

ఇవ్వలేనన్నాను. అతను తలూపి, తన జవాబు తనే ఆలోచించుకోవడానికి వెనక బల్ల మీదికి వెళ్ళి కూచున్నాడు.