పిచ్చుక ముందుపళ్లు

బ్యాండులో అందరూ అతన్ని పిచ్చుక అనేవారు. క్లారినెట్ మీద పై స్వరాలు అంత సన్నగా, అంత తేలిగ్గా పలికించేవాడు చుట్టుపక్కల ఎక్కడా లేడు మరి. ఆ వాద్యానికి వేళ్లూ ఊపిరీ ఉంటే చాలదు. దాని మొన నోట్లో పెట్టుకుని, పై వరస ముందుపళ్లు రెండూ దాని మీద గట్టిగా ఆనించాలి. అంటే పిచ్చుక ఇంటిల్లిపాదీ ఆ రెండు పళ్ల మీదే బతుకుతున్నారన్నమాట.

మొదట మొన తుడిచిన గుడ్డ మీద ఎర్రటి చార కనబడింది. పెదవి కోసుకుందిలే అనుకున్నాడు. తర్వాత చల్లటి నీళ్లు తాగితే జివ్వుమంది. నీళ్లదే తప్పన్నాడు. ఆ తర్వాత అతను మాట్లాడుతుంటే నోటి వాసనకి భార్య మొహం పక్కకు తిప్పుకోసాగింది. దానికి మాత్రం అలిగాడు. ఒళ్లు ఇంతలా మొత్తుకుంటుంటే ప్రతిదానికీ ఓ సాకు వెతికిపెట్టడంలో మనవాడు క్లారినెట్‌లో కంటే ఘనుడు.

“చిగుళ్లు వాచాయండీ. పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లిరండి,” అంది భార్య.

“వెళ్తే పీకేస్తారు.”

“చూడకుండానే పీకేస్తారా?”

“పెద్దాయన సంగతి మర్చిపోయావా?”

పెద్దాయనంటే పిచ్చుక గురువు, అతనికి ముందు ఆ బ్యాండులో క్లారినెట్ వాయించినవాడు. ఒకరోజు నిక్షేపంగా పళ్ల డాక్టర్ దగ్గరికి నడిచివెళ్లి, ముందుపళ్లు లేకుండా తిరిగొచ్చాడు. కట్టుడు పళ్లతో వాయించబోతే అవి మొన మీద నిలవలేదు. ఏం జరిగిందని ఎవరడిగినా మాట దాటేసేవాడు. చివరిదాకా బ్యాండువాళ్ల కోట్లు ఇస్త్రీ చేస్తూ ఓ మూల ఉండిపోయాడు. ఆనాటి నుంచీ వాళ్లందరికీ పళ్ల డాక్టరంటే కసాయి కిందే లెక్క.

ఇంతలో పన్ను కదలడం మొదలైంది. నాలుకతో తోస్తే ముందుకు, వదిలితే వెనక్కి. పంటికి మెత్తగా ఉంటుందని పిచ్చుక సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి మొన మీద అంటించాడు. కొన్నాళ్లకు దాని మీద ఇంకోటి. సాధన చేసే గది నేల కింద ఉండేది, కిటికీ లేదు. తలుపు మూసి అందరూ ఒక్కసారిగా అందుకుంటే ఆ మోత తిన్నగా పంటి వేరులోకి దిగేది. పాట మధ్యలో లేచి ఎక్కడికి పోతాడు? వాయించడం మానేస్తే పొయ్యి ఎలా వెలుగుతుంది? డాక్టర్ దగ్గరికి వెళ్తే పన్ను పోతుంది, వెళ్లకపోతే ప్రాణం పోయేలా ఉంది. ఎర్రటి ఉమ్మి మింగుతూ వాయించాడు. భయమేసేది. పక్కన కూర్చున్నవాడికి చెబితే మర్నాటికల్లా తన కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడని ఇంకా భయమేసేది.

ఓ పొద్దున దవడ ఉబ్బి, కన్ను సగం మూసుకుపోయింది. భార్య ఇక అడగలేదు. చెప్పులు తెచ్చి ముందు పడేసి, చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

తల నెరిసిన డాక్టరమ్మ నోట్లోకి లైటు వేసి చాలాసేపు చూసింది.

“రక్తం ఎప్పట్నుంచి వస్తోంది?”

భార్య అంతా చెప్పేసింది.

“మొన మీద రబ్బరు ముక్క అంటించారా?” అందావిడ.

“మీకెలా తెలుసు?”

“మీ బ్యాండు పెద్దాయన కూడా అలాగే అంటించుకుంటూ కూర్చుని, ఎముక కరిగిపోయాక వచ్చాడు. గుడ్డ మీద మొదటిసారి రక్తం చూసినప్పుడే వచ్చుంటే పళ్లకు పట్టిన గార తీసి, చిగుళ్లు బాగుచేసి పంపేదాన్ని. ఆయన పళ్లు నేను పీకలేదు నాయనా. ముట్టుకోగానే చేతిలోకి వచ్చేశాయి.”

పెద్దాయన గతి తనకు పట్టకూడదనే కదా పిచ్చుక ఇన్నాళ్లూ ఇటు తొంగిచూడలేదు! ఆ గతే పట్టింది. ఆ రోజు అతని ముందుపళ్లు రెండూ పళ్లెంలోకి చేరాయి.

వాపు తగ్గాక బ్యాండు మాస్టారు జాలిపడి, వాయించడానికి అతని చేతికి ఇత్తడి తాళాలిచ్చాడు. క్లారినెట్‌కి కొత్త మనిషి వచ్చాడు. సాధన గదిలో వెనక వరసలో నిలబడి తాళాలు కొడుతున్న పిచ్చుకకు, ముందు కూర్చున్న సాక్సోఫోన్ వాయించే బుంగ తన వాద్యం మొన తుడుచుకోవడం కనబడింది. బుగ్గలు పూరించి వాయిస్తాడని అతనికా పేరు. గుడ్డ మీద ఎర్రటి చార. బుంగ గబుక్కున మడిచేశాడు.

పాట ఆగగానే పిచ్చుక అతని భుజం పట్టుకున్నాడు.

“తమ్ముడూ, ఏదీ, ఆ గుడ్డ చూపించు.”

“ఏం లేదన్నా. పెదవి కోసుకుంది.”

“నేనూ ఇదే మాటన్నానురా! ఇవాళే పద, నేను తీసుకెళ్తాను. ఇప్పుడైతే శుభ్రం చేసి పంపేస్తారు. ఒక్క పన్ను కూడా పోదు, నా మాట విను.”

మాట మాటకీ పళ్ల సందులోంచి గాలి బుస్సుమంటోంది. బుంగ అతని కళ్లలోకి చూడలేదు, నోటివైపే చూస్తున్నాడు.

“నువ్వూ వెళ్లావుగా అన్నా,” అన్నాడు మెల్లగా.

జరిగింది చెబుదామని పిచ్చుక నోరు తెరిచాడు. తెరిచినకొద్దీ బుంగ వెనక్కి జరిగాడు. గుడ్డ జేబులో కుక్కుకుని సాక్సోఫోన్ అందుకున్నాడు. మాస్టారు చెయ్యెత్తాడు. ఎవరో వెళ్లి తలుపు మూశారు.