ఆకలి లేని తిండి

మా మామయ్య కటింగ్ మాస్టారు. మూడు కుట్టుమిషన్లు, ఒక పొడవాటి బల్ల, గోడకు నిలువెత్తు అద్దం ఉన్న దుకాణంలో ముప్పై ఏళ్లు ప్యాంట్లూ కోట్లూ కత్తిరించారు. సుద్ద పట్టుకుని గుడ్డ మీద గీత గీస్తే స్కేలు పెట్టి చూసినా వంక దొరికేది కాదు. తిండి మీద మాత్రం ఆయనకు ధ్యాసే ఉండేది కాదు. అత్తయ్య కట్టి పంపిన డబ్బా సగం నిండుగానే ఇంటికి తిరిగొచ్చేది.

"ఈయనకు వండే బదులు పిచ్చుకలకు గింజలు చల్లుకుంటే నయం, అవైనా ఖాళీ చేస్తాయి" అని విసుక్కునేది అత్తయ్య.

యాభై ఆరో ఏట ఆయన కుడిచెయ్యి వణకడం మొదలైంది. ముందు బొటనవేలు, తర్వాత మణికట్టు. ఒకరోజు ఎవరిదో కోటు గుడ్డ మీద కత్తెర పక్కకు జారిపోయింది. మామయ్య కత్తెర బల్ల మీద పెట్టేసి, చెయ్యి జేబులో దాచుకున్నారట.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి పార్కిన్సన్స్ అని తేల్చారు. మెదడులో డోపమైన్ అనే రసాయనం తగ్గిపోతోందని, అది చేసే పనిని తాను ఇచ్చే మాత్ర చేసిపెడుతుందని చెప్పారు. మోతాదు మెల్లమెల్లగా పెంచారు. మూడో నెలకల్లా చెయ్యి కుదుటపడింది. ఆ వారం మామయ్య ఆరు కోట్లు కత్తిరించి, ఒక్కో ముక్కా మాకు చూపించి మురిసిపోయారు.

ఆ తర్వాత నెలకే తిండి మొదలైంది.

దుకాణం పక్కన బేకరీ ఉంది. ముప్పై ఏళ్లుగా దాని ముందు నుంచే నడిచినా లోపలికి తొంగిచూడని మనిషి, రోజుకు రెండుసార్లు వెళ్లడం మొదలుపెట్టారు. ఆపైన నాలుగుసార్లు. సుద్దముక్కల డబ్బాలో బిస్కెట్లు చేరాయి. ఇంట్లో జామ్ సీసా వారం నిలిచేది కాదు. కడుపు బరువెక్కి ఆయాసం వచ్చినా ఆపలేకపోయేవారు. కొలతల టేపు మెళ్లో వేసుకు తిరిగే మనిషి, తన ప్యాంటు నడుము తానే రెండుసార్లు వదులు చేసుకున్నారు. మిషను మీది దర్జీ చూసి నవ్వితే, "వయసురా, వయసు" అని సర్దుకున్నారు.

అత్తయ్య మొదట సంతోషించింది. తర్వాత చిరాకుపడింది. చివరికి వంటింటి అలమరకు తాళం వేసింది. ఆ తాళాన్ని ఆయన కత్తెర మొనతో తీశారు. మొద్దుబారుతుందని, ప్రాణం పోయినా కాగితం మీద కూడా పెట్టనివ్వని కత్తెర అది.

ఒకరోజు ఎదురింటివాళ్ల ఫ్రిజ్ పాడైంది. వాళ్ల పాప పుట్టినరోజు కేకును మామయ్యవాళ్ల ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లారు. ఆరోజు దుకాణానికి సెలవు. అత్తయ్య ఒక బడిలో లైబ్రరీ చూసుకుంటుంది. నాలుగింటికి ఇంటికొచ్చేసరికి మామయ్య ఫ్రిజ్ ముందు నేల మీద కూర్చుని ఉన్నారు. కేకు సగం లేదు. చొక్కా చేతికి క్రీము అంటుకుని ఉంది.

"ఏం చేశారండీ ఇది?"

"ఆకలి లేదే. రుచి కూడా తెలియలేదు. కడుపులో చోటే లేదు. అయినా ఆపలేకపోయాను."

"పసిదాని కేకండీ! ఇంత తిండిపోతు ఎప్పుడయ్యారు మీరు?"

అత్తయ్య చెప్పులు వేసుకుని ఇంకో కేకు కోసం పరుగెత్తింది. ఆమె వచ్చేలోపు ఆయన నేల తుడిచి, చొక్కా ఉతుక్కుని, గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు. ఎదురింట్లోంచి పుట్టినరోజు పాటలూ చప్పట్లూ వినిపిస్తున్నా బయటికి రాలేదు.

రెండ్రోజుల తర్వాత ఆసుపత్రికి వాళ్లతో నేనూ వెళ్లాను. డాక్టరమ్మ ఆయన వేళ్లు ఆడించి చూసి, "చెయ్యి భేషుగ్గా ఉంది. ఇంకేమైనా ఇబ్బందా?" అని అడిగారు.

"ఏమీ లేదండీ" అన్నారు మామయ్య.

"ఎందుకు లేదు?" అంది అత్తయ్య. అలమర తాళం, కేకు, పెరిగిన పన్నెండు కిలోలు అన్నీ ఏకరువు పెట్టింది. మామయ్య తల దించుకునే ఉన్నారు.

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టారు. "ఎప్పటినుంచి?"

"మోతాదు పెంచిన తర్వాత నెల నుంచి" అంది అత్తయ్య.

"ఇది మీ తప్పు కాదు మాస్టారూ, మాత్ర చేసిన పని. డోపమైన్ చేతి కదలికను మాత్రమే చూసుకోదు. 'ఇంకా కావాలి' అనే యావను లేపేదీ అదే. మాత్ర మీ చేతికి సరిపోయింది, ఆ యావకు మాత్రం ఎక్కువైంది. అందుకే రుచి లేకపోయినా, కడుపు నిండినా కావాలనే అనిపిస్తుంది. కొంతమందిలో ఇలా జరుగుతుంది. మొదటిరోజే మిమ్మల్ని హెచ్చరించాల్సింది. హెచ్చరించలేదు, అది నా పొరపాటు."

"అయితే నా బుద్ధి గడ్డి తినలేదన్నమాట" అన్నారు మామయ్య. అత్తయ్య ఆయన భుజం మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

"మాత్ర మీ అంతట మీరు ఆపేయకండి, ప్రమాదం. నేనే మెల్లగా తగ్గించి వేరే మందు కలుపుతాను. కాకపోతే వణుకు కొంత మళ్లీ రావచ్చు" అన్నారు డాక్టరమ్మ.

చెయ్యి కావాలా, నోరు అదుపులో ఉండాలా అన్న ప్రశ్నకు ఆయన బస్సులో దారంతా జవాబు వెతికారు. దిగేముందు నాతో, "కోటు పాడైతే ఇంకో గుడ్డ తెచ్చుకుంటాం. నన్ను నేనే నమ్మలేకపోతే ఏం చెయ్యను?" అన్నారు.

ఆరు వారాలకు యావ తగ్గింది. విప్పిన బిస్కెట్ పొట్లం బల్ల మీదే మెత్తబడిపోవడం చూసి అత్తయ్య నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది. వణుకు కొంత తిరిగొచ్చింది. ఇప్పుడు కత్తెర దర్జీ పట్టుకుంటాడు. మామయ్య కొలతలు తీసి, ట్రయల్ చూసి, ఎక్కడ ఎంత బిగించాలో చెబుతారు. కత్తెర మీద ఆశ చావలేదు. అప్పుడప్పుడు ఖాళీ గుడ్డ మీద గీత గీసి, వంకర చూసి చెరిపేస్తారు.

మొన్న ఆసుపత్రి బెంచీ మీద మా పక్కన ఒక పెద్దాయన, ఆయన భార్య కూర్చున్నారు. ఆయన చెయ్యీ వణుకుతోంది. మామయ్య పలకరించి అడిగారు. "మాత్ర మొదలుపెట్టాక కొత్తగా ఏదైనా యావ పుట్టిందాండీ?"

పెద్దాయన ముఖం తిప్పుకున్నారు. ఆయన భార్యే చెప్పింది. "ఎవరితోనూ అనకండి. రెండు నెలల్లో పదకొండు గొడుగులు కొన్నారు. మా ఊళ్లో వానే పడదు!"

నాకు నవ్వు వచ్చింది. మామయ్య నవ్వలేదు. ఆ పెద్దాయనకు దగ్గరగా జరిగి కూర్చుని, "ముందు ఆ సంగతే చెప్పండి డాక్టరమ్మకు" అన్నారు.