ఎనభై రెండు శాతం సిగ్నల్

ఉద్యోగంలో చేరి, న్యూయార్క్ దగ్గరున్న పార్సిప్పనీకి కొత్తగా వచ్చిన ఆ రోజుల్లో, నా చెయ్యి పడనిదే ఏ వస్తువూ సరిగ్గా పనిచేయదని గట్టిగా నమ్మేవాణ్ణి. కేబుల్ కనెక్షన్ తీసేయించి, న్యూయార్క్ వైపున్న కిటికీకి పలచని యాంటెన్నా అంటించాను. దాని వైరును ఒక ట్యూనర్ డబ్బాకు కలిపి, ఆ డబ్బాను వైఫై మీదుగా టీవీ వెనకున్న స్ట్రీమింగ్ స్టిక్‌కు పరిచయం చేశాను. దాంతో గాలిలో ఉచితంగా వచ్చే లోకల్ ఛానెళ్ళూ, ఇంటర్నెట్‌లో వచ్చే తెలుగు సినిమాలూ ఒకే రిమోట్‌కు లొంగాయి. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ టీ కంటే ముందు ఈ ఏర్పాటు వివరించేవాణ్ణి (రెండోసారి వచ్చినవాళ్ళు తక్కువ).

ఓపికగా విన్నది కింది ఫ్లోర్ అక్కావాళ్ళే. అక్క, బావగారు, పదేళ్ళ పాప, ఆరు నెలలుండి వెళ్దామని ఇండియా నుంచి వచ్చిన అక్క వాళ్ళమ్మగారు. పాపకు అమ్మమ్మ కాబట్టి కాంప్లెక్సులోని బ్రహ్మచారులందరికీ ఆవిడ అమ్మమ్మగారే. ఆవిడ ఐసెలిన్‌లోని ఇండియా సరుకుల కొట్లో ఏరి కొన్న ఆనప గింజలను పాప స్కూలు తోటలో నాటితే, కాయ పాప భుజం దాకా పెరిగింది. లోకల్ ఛానెల్ వాళ్ళు వచ్చి వీడియో తీసుకుని, శుక్రవారం సాయంత్రం వార్తల్లో వేస్తామన్నారు. "నీ గురించి కూడా చెప్పా అమ్మమ్మా. వాళ్ళు కట్ చేయకపోతే వస్తుంది," అంది పాప. ఏం చెప్పిందో మాత్రం చెప్పలేదు, టీవీలోనే చూడాలట. అమ్మమ్మగారికి ఆ వారమంతా వేరే మాట లేదు.

బావగారు ఫోన్‌లో ఛానెల్ యాప్ పెట్టుకుని చూద్దామన్నారు. నేనుండగానా?

"వద్దు బావగారూ, మూడు కారణాలు. ఒకటి, యాప్‌లో బొమ్మ నలిగిపోయి వస్తుంది. రెండు, ఇంటర్నెట్ ఎప్పుడు ఆగుతుందో తెలియదు. మూడు, అది అర నిమిషం ఆలస్యం. యాంటెన్నా అంటే నేరుగా టవర్ నుంచి."

"అర నిమిషంల ఆనపకాయ ముదిరిపోతదా ఏంది?" అన్నారాయన. అయినా అందరూ మా ఇంట్లోనే చూడాలని ఒప్పించాను. రికార్డింగ్ కూడా పెట్టానని భరోసా ఇచ్చాను.

శుక్రవారం అందరూ వచ్చారు. అమ్మమ్మగారు మా వంటింట్లో మిరపకాయ బజ్జీలు వేస్తున్నారు (ఆ పొయ్యి మీద అంతకు ముందు నూడుల్స్ తప్ప ఏమీ ఉడకలేదు). పంచదార డబ్బాకు ఆనించిన ఫోన్‌లో పాప పెట్టిచ్చిన ఛానెల్ యాప్ నడుస్తోంది. "అది వెనకబడి వస్తుంది అమ్మమ్మగారూ, ఆపేసి హాల్లోకి రండి," అన్నాను. "ఈ వాయి దించి వస్తా బాబూ, నువ్వెళ్ళు," అన్నారు.

వార్తలు చదివే ఆవిడ, విరామం తర్వాత ఒక చిన్నారి పెంచిన పెద్ద కాయను చూపిస్తామంది. ఆ మాట చెబుతుండగా ఆవిడ గడ్డం దగ్గర బొమ్మ రెండు మూడు గళ్ళుగా చెదిరింది. సిగ్నల్ ఎనభై రెండు శాతం. ఎవరికైనా చాలు. కానీ పాప ముఖం మీద ఒక్క గడి కూడా చెదరకూడదనిపించింది. ప్రకటనలు మొదలవగానే యాంటెన్నాను బెత్తెడు పక్కకు జరిపి, ఎందుకైనా మంచిదని, ఛానెళ్ళన్నిటినీ మొదటినుంచీ వెతికే స్కాన్ నొక్కాను. ప్రకటనల్లోనే అయిపోతుందనుకున్నాను (ఇంజనీరింగ్‌లో నాకు డిస్టింక్షన్).

తెర నీలంగా మారి, అడుగున ఒక గీత మెల్లగా పాకడం మొదలుపెట్టింది.

"ఏమైంది తమ్ముడూ?" అంది అక్క.

"స్కాన్ అక్కా, ఇప్పుడే అయిపోతుంది."

"ఆపెయ్."

"మధ్యలో ఆపితే ఉన్న ఛానెళ్ళు కూడా పోతాయి."

బావగారు తెర మీద పెరుగుతున్న అంకెలను శ్రద్ధగా చూస్తున్నారు. "పదకొండు దొరికినయ్. మన పాప ఎన్నో నంబర్‌ల దొరుకుతది?"

పాప సోఫా అంచున కూర్చుని ఆ గీతనే చూస్తోంది. నాకు ఆ గీత కంటే పాపను చూడడం కష్టమైంది.

చివరికి బొమ్మ వచ్చింది. తొంభై ఒక్క శాతం, అద్దంలా ఉంది. వార్తలు చదివే ఆవిడ నవ్వు ముగించుకుని, రేపటి వాతావరణం ఎలా ఉంటుందని పక్కాయన్ని అడిగింది. అప్పుడు వినిపించింది, ఎగ్జాస్ట్ ఫ్యాన్ హోరులోంచి, పాప గొంతు. హాల్లో ఉన్న పాప కాదు, వంటింట్లో పంచదార డబ్బాకు ఆనుకున్న పాప. అందరం పరిగెత్తాం. మేం చేరేసరికి అరచేతంత తెర మీద పాప ఆనపకాయను ఎత్తుకుని చెయ్యి ఊపుతోంది. అంతే, అయిపోయింది. అమ్మమ్మగారు జల్లిగరిటె పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు. బజ్జీలు నల్లబడుతున్నాయి.

"ఏమందమ్మా?" అంది అక్క.

"నా గురించి అంది. విన్నాను."

"మాకూ చెప్పు."

"మీరు టీవీలో చూస్తున్నారుగా," అని ఆవిడ పొయ్యి ఆపారు.

పాప నా చొక్కా పట్టుకుని లాగింది. "ఇట్స్ ఓకే అంకుల్. వెదర్ చాలా క్లియర్‌గా వచ్చింది." తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు ఛానెల్ సైట్‌లో ఆ వీడియో పెట్టారు గానీ కుదించి పెట్టారు, అమ్మమ్మ గురించి పాప అన్న మాట అందులో లేదు. నా రికార్డింగ్ నేను స్కాన్ నొక్కిన క్షణానే, పరుపుల ప్రకటన మధ్యలో ఆగిపోయింది (దాన్ని ఇంకా చెరిపేయలేదు). పాపనడిగితే "మర్చిపోయా" అంటుంది. అమ్మమ్మగారు చెప్పకుండానే తిరిగి వెళ్ళిపోయారు, ఎంత బతిమాలినా. ఆ మాట విన్నది మా అందరిలో ఆవిడొక్కరే, అదీ నేను వద్దన్న యాప్‌లో, అర నిమిషం ఆలస్యంగా.

యాంటెన్నా ఇప్పటికీ ఉంది. సిగ్నల్ మళ్ళీ ఎనభై రెండుకు దిగింది, ముట్టుకోలేదు. ముఖ్యమైనది ఏదైనా వస్తుందంటే వంటింట్లో ఫోన్ కూడా పెట్టుకుంటాను, పంచదార డబ్బాకు ఆనించి. అప్పుడప్పుడు, ఆ రోజు రిమోట్ పట్టుకుని నిలబడ్డ నాలోని ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడి చేతిలోంచి దాన్ని మెల్లగా తీసుకుని, లోపల బజ్జీలు మాడుతున్నాయి, వెళ్ళి చూడు అని పంపేయాలనిపిస్తుంది. వెళ్ళడని తెలుసు. ఎందుకు వెళ్ళకూడదో మూడు కారణాలు చెబుతాడు.